అరచుట్టు వదులు

అన్న పోయిన రోజు చెవి మేస్త్రి చేసిన పని ఒక్కటే. ఆయన్ని ఎక్కించిన వ్యాను స్టార్టు కాలేదు. డ్రైవరు తాళం తిప్పుతున్నాడు, లోపల ఏదో టిక్కుమంటోంది, వీధి వీధంతా నిలబడి చూస్తోంది. మేస్త్రి గుంపులోంచి నడిచొచ్చి బానెట్ ఎత్తాడు. బ్యాటరీ మీద వదులైన క్లాంపును జేబులోని స్పానరుతో బిగించి, "ఇప్పుడు కొట్టు" అన్నాడు. వ్యాను కదిలింది. అతను చేతులు ప్యాంటుకు తుడుచుకుని వెనకాల నడిచాడు.

చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. తోడబుట్టినవాడు పోతే కంట తడి లేదు సరికదా, బానెట్ ఎత్తుతాడా అని రెండు వారాలు చెప్పుకున్నారు. జేబులో స్పానరు ఎందుకుందని మాత్రం ఎవరూ అడగలేదు. అతను పెళ్లికి వెళ్లినా జేబులో స్పానరు ఉంటుందని అందరికీ తెలుసు. చెప్పుకునేవాళ్లకి ఏముంది, నోరు వాళ్లది. ఆ వ్యాను కదలకపోయి ఉంటే వాళ్లే ముందుగా విసుక్కునేవాళ్లు.

అతనికి చెవి మేస్త్రి అన్న పేరు ఊరికే రాలేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి అదుముకుని, కళ్లు మూసుకుని వింటాడు. ఏ సిలిండరు దగ్గుతోందో, ఏ నాజిల్ డీజిలు సరిగ్గా చిమ్మడం లేదో విని, "మూడోది" అంటాడు. విప్పి చూస్తే మూడోదే. ముప్పై ఏళ్లుగా పాత ట్రాక్టర్ల ఇంజన్లు తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. అసలు పేరు బ్యాంకు పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

అన్న పోయి రెండు నెలలైంది. మేస్త్రి రోజూ ఎనిమిదింటికి షెడ్డు తీస్తున్నాడు, ఆరింటికి మూస్తున్నాడు. మధ్యలో బోల్టులు విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. అన్నం పెడితే తింటున్నాడు, కానీ నాలుగు ముద్దలకే చెయ్యి కడిగేస్తున్నాడు. రుచి తెలియట్లేదు. కూరలో ఉప్పెక్కువైందని భార్యే తిని చెప్పాలి. బాధ రాలేదు. రావాలని తనే ప్రయత్నించి చూశాడు కూడా. ఒక మధ్యాహ్నం అన్న ఫొటో ముందు పెట్టుకుని పావుగంట కూర్చున్నాడు. తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోయినట్టు, ఏదో ముక్కు దాకా వచ్చి వెనక్కి పోయింది. లేచి వెళ్లి పంపు కింద కాళ్లు కడుక్కున్నాడు.

"ఒక్కసారి ఏడిస్తే తేలికవుతుందండీ" అంది భార్య.

"రావట్లేదే. నన్నేం చెయ్యమంటావు? విప్పడానికి స్క్రూ ఏమైనా ఉందా?"

ఆవిడ నవ్వలేదు. నవ్వుతుందని అతనూ అనుకోలేదు.

అలా ఉండగా ఓ సోమవారం పొద్దున వదిన ట్రాక్టరు వేసుకుని షెడ్డు ముందుకొచ్చింది. అది అన్న ట్రాక్టరు. వయసు ముప్పై ఎనిమిదేళ్లు. రంగు ఒకప్పుడు ఏమిటో చెప్పగలిగేవాళ్లు ఇంట్లో ముగ్గురే, ఇప్పుడు ఇద్దరు. దాంతో ఊళ్లో వాళ్ల పొలాలు దున్నిపెట్టి అన్న ఇల్లు గడిపాడు, కూతుర్ని చదివించాడు. తమ్ముణ్ణి పద్నాలుగేళ్లప్పుడు ఒక పెద్ద మేస్త్రి దగ్గర పనికి పెట్టి, మొదటి స్పానర్ల సెట్టు కొనిచ్చిందీ ఆయనే. వదిన ఆ ఇంటికి వచ్చేసరికి మేస్త్రికి తొమ్మిదేళ్లు. తల దువ్వి బడికి పంపిన మనిషి. అందుకే ఆవిడకి అతను ఇప్పటికీ అబ్బాయే, తల నెరిసినా సరే. అన్న పోయాక డ్రైవరుని పెట్టుకోకుండా తనే స్టీరింగు పట్టింది. ఇరవై ఏళ్లు బురదరేకు మీద పక్కన కూర్చుని చూసిందేగా, చేతికి వచ్చేసింది.

వదిన దిగి, తాళంచెవి కొంగుకి ముడేసుకుని, బల్ల మీద కూర్చుంది.

"అబ్బాయ్, మీ అన్న ఉన్నన్నాళ్లు ఇది ఒక్కనాడు ఆగింది కాదు. నా చేతికొచ్చింది, మొండికేసింది. అరగంట బాగానే దున్నుతుంది. తర్వాత గుటకలు మింగినట్టు అయి, ఆగిపోతుంది. నువ్వు సైకిలు మీద వచ్చేసరికి బుద్ధిమంతురాలిలా స్టార్టవుతుంది. రెండుసార్లు చూశావుగా."

"చూశా."

"రెండోసారైతే ఆ పొలం వాళ్లు నీ కోసం ఆగలేదు. తాడు కట్టి లాక్కొచ్చి రోడ్డు మీద పడేశారు. ఆ పొలం ఇంకొకళ్లు దున్నేశారు. దుక్కుల టైములో నా కోసం ఎవరు కూర్చుంటారు చెప్పు?" వదిన తాళంచెవి ముడి తడుముకుంది. "శనివారం పాతినుము ఆయన్ని రమ్మన్నాను. గ్యాస్ కట్టరు తెచ్చుకుంటాడట. ఇంటి ముందే ముక్కలు కోసి లారీలో వేసుకుపోతానన్నాడు."

"అమ్మేస్తావా వదినా?"

"దున్నలేని ట్రాక్టరుని ఏం చేసుకోను? పిల్ల రమ్మంటోంది. వాళ్లున్న రెండు గదుల్లో ఓ మూల పడుంటా. ఇక్కడ ఈ బండి లేకపోతే నాకు పనేముంది?"

ఆ మాట వినగానే తన గుండె ఎక్కడో కలుక్కుమనాలని మేస్త్రికి తెలుసు. అన్న గుర్తుగా చప్పుడు చేసే వస్తువు ఆ వీధిలో ఇదొక్కటే. అది శనివారం ముక్కలవుతుంది, వదిన ఇల్లు తాళం వేసుకుంటుంది. లెక్క ప్రకారం ఇది చాలా పెద్ద విషయం. అతనికి గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది.

"శనివారం లోపు చేసిస్తా" అన్నాడు.

"నువ్వన్నావంటే అయినట్టే" అని వదిన తాళంచెవి ముడి విప్పి ఇచ్చి, నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆవిడకి అతని పని మీద అంత నమ్మకం. అన్నకీ అంతే ఉండేది. కాకపోతే అన్న విషయంలో మేస్త్రి పైకి ఇంకోలా అనేవాడు. అన్న ఆ ట్రాక్టరు డీజిలు ట్యాంకు మూత మీద ఒక సత్తు గిన్నె బోర్లించి, తీగతో కట్టుకుని తిరిగేవాడు. వాన పడుతుందిరా అనేవాడు, ఎండాకాలంలో కూడా. "మా అన్నకి నా రిపేరు మీద నమ్మకం లేదు, అందుకే నెత్తిన గిన్నె బోర్లించాడు" అని మేస్త్రి షెడ్డులో పదిమంది ముందు ఆటపట్టించేవాడు. అందరూ నవ్వేవాళ్లు. అన్న కూడా నవ్వేవాడు. మాట్లాడటంలో ఆయన మహా పొదుపు, నవ్వడంలో అంత కాదు.

ఇప్పుడా గిన్నె లేదు. వదిన ట్రాక్టరుని తలంటినట్టు కడిగి, మట్టి గీకి, తీగలూ గుడ్డపేలికలూ పీకి, కనబడిన ప్రతి మూతా మరా బిగించి తెచ్చింది. పోయిన మనిషి వస్తువుని ఎలా చూసుకోవాలో అలాగే చూసుకుంది.

మేస్త్రి ఆ సోమవారమే పని మొదలుపెట్టాడు. అతని పద్ధతి ఎప్పుడూ ఒకటే. మొదట ట్యాంకు మూత తీసి, పుల్ల ముంచి, డీజిలు ఎంతుందో చూస్తాడు. పని నేర్పిన పెద్ద మేస్త్రి మొదటిరోజు చెప్పిన మాట అది. "ముందు మూత తీసి చూడరా. నూనె లేని బండికి వైద్యం చేసి నవ్వులపాలు కావద్దు." అప్పట్నుంచీ ఎంత తొందరలో ఉన్నా, ట్యాంకు నిండుగా ఉందని ఎవరు ప్రమాణం చేసినా, మూత తీయకుండా స్పానరు పట్టడు. డీజిలు ముప్పాతిక వంతు ఉంది. మూత పెట్టేశాడు.

ఆగి ఆగి నడిచే డీజిలు ఇంజనుకి జబ్బు తొంభైపాళ్లు డీజిలు దారిలోనే ఉంటుంది. ట్యాంకులోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి ఫీడు పంపుకి, అక్కణ్ణుంచి ఫిల్టరుకి, ఫిల్టరు నుంచి పెద్ద పంపుకి, చివరికి నాజిళ్లకి. ఈ దారిలో ఎక్కడ చెత్త అడ్డం పడినా, ఎక్కడ గాలి దూరినా ఇంజను ఊపిరాడనట్టు కొట్టుకుని ఆగిపోతుంది. మేస్త్రి ఒక చివర నుంచి వచ్చాడు. ట్యాంకు అడుగున జల్లెడ విప్పి కడిగాడు, అందులో రెండు తుప్పు రేకులు తప్ప ఏమీ లేవు. ఫిల్టరు కొత్తది వేశాడు. గొట్టం అతుకుల దగ్గర రాగి వాషర్లు మార్చాడు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ఫీడు పంపు చేతిపిడి టకటకా కొట్టాడు. నురగ వచ్చింది, తర్వాత నురగ లేని డీజిలు వచ్చింది. గాలంతా పోయినట్టే. స్క్రూ బిగించి స్టార్టు చేశాడు. షెడ్డులో రెండు గంటలు నెమ్మదిగా నడిచింది, చుక్క తేడా లేదు.

కానీ జబ్బు బరువు మీదే తెలుస్తుంది. షెడ్డు పక్కనే కలప కోసే మిల్లు. దాని ఓనరు దుంగలతో నింపిన ట్రాలీ ఒకటి ఇచ్చి, "ఎన్ని చుట్లయినా తిరుగు, నా స్థలం అరగదులే" అన్నాడు. మంగళవారం మేస్త్రి ట్రాలీ తగిలించి, మిల్లు వెనక ఖాళీ స్థలంలో గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. పక్కన రంపం దుంగని కోస్తూ గీపెడుతోంది. ఆ రంపం పొద్దున ఎనిమిదికి మొదలైతే సాయంత్రం ఆరు దాకా ఆగదు. దాని పక్కన ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి అదొక చప్పుడని కూడా గుర్తుండదు.

ముప్పై మూడు నిమిషాలకి ఇంజను గుటకలు మింగింది. ఆగిపోయింది.

మేస్త్రి దిగాడు. అలవాటు ప్రకారం మూత తీసి, పుల్ల ముంచి, డీజిలు చూశాడు. ఉంది. ఫిల్టరు స్క్రూ విప్పి చేతిపిడి కొట్టాడు. డీజిలు ధారగా వచ్చింది. బిగించి స్టార్టు చేస్తే అయింది. మళ్లీ ముప్పై నిమిషాలు నడిచింది. మళ్లీ ఆగింది. మళ్లీ దిగి మూత తీసి చూశాడు, మళ్లీ అన్నీ బాగానే ఉన్నాయి. డాక్టరు రాగానే జ్వరం తగ్గిపోయే రోగిలా ఉంది వ్యవహారం.

బుధవారం ఫీడు పంపు విప్పి లోపలి కవాటాలు మార్చాడు. ముప్పై అయిదు నిమిషాలు. గురువారం ట్యాంకు నుంచి వచ్చే గొట్టమే మొత్తం మార్చేశాడు, పాతది లోపల పొరలు ఊడి అడ్డం పడుతోందేమోనని. ముప్పై రెండు నిమిషాలు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని వింటే నాలుగు సిలిండర్లూ పొద్దుట లేచిన పిల్లల్లా చక్కగా పలుకుతున్నాయి. ఆగే ముందు మాత్రం నాలుగూ ఒకేసారి నీరసపడుతున్నాయి. అంటే జబ్బు వాటిలో లేదు, వెనక ఎక్కడో ఉంది. వెనక అన్నీ చూసేశాడు.

"ఏం మేస్త్రీ, మూడు రోజులనించి గానుగెద్దులా తిరుగుతున్నావు. ఏం వినపడుతోంది?" అన్నాడు మిల్లు ఓనరు.

"ఏం వినపడట్లేదు" అన్నాడు మేస్త్రి. అది నిజమే.

అతనికి కోపం రావాల్సింది. మామూలుగా అయితే ఈపాటికి రెండు స్పానర్లు గోడకేసి కొట్టి, టీ తెచ్చిన భార్య మీద చిరాకుపడి, సాయంత్రానికి జబ్బు పట్టుకునేవాడు. అతని తిక్కలోనే సగం పనితనం ఉందని అన్న అనేవాడు. ఇప్పుడు తిక్క కూడా లేదు. చేతులు వాటంతటవే వాషర్లు మారుస్తున్నాయి. శనివారం ఎల్లుండి అయింది, రేపయింది. లారీ వస్తుంది, మంటతో కోస్తారు, ముందు బానెట్ కోస్తారా చక్రాలు విప్పుతారా అని ఆలోచించాడు. చక్రాలే విప్పుతారు, రబ్బరు మండితే వాసన. అంత నిదానంగా ఆలోచించగలుగుతున్నందుకు అతనికే కొంచెం భయమేసింది. ఆ భయం కూడా ఎక్కువసేపు నిలవలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి ట్రాక్టరు మిల్లు వెనక ఆగింది. అదే సమయానికి కరెంటు పోయింది.

రంపం దుంగ మధ్యలో ఇరుక్కుని మూలిగి ఆగింది. మిల్లులో ఫ్యాన్లు, మోటార్లు అన్నీ ఆగాయి. ఇంత నిశ్శబ్దం ఆ స్థలంలో పగటిపూట ఉంటుందని మేస్త్రికి తెలియదు. ఎక్కడో ఒక తలుపు గాలికి కొట్టుకుంటోంది, అది కూడా వినపడుతోంది. అతను దిగి, అలవాటుగా మూత మీద చెయ్యి వేసి, తిప్పాడు.

"ఉస్స్‌స్‌..." మంది.

చిన్న చప్పుడు. చెవి దగ్గర పెడితే తప్ప వినపడనంత. కానీ అది బయటికి వదిలిన గాలి కాదు, లోపలికి పీల్చుకున్న గాలి. ఆ వెంటనే ట్యాంకు రేకు ఎక్కడో "టప్" మని తన ఆకారంలోకి తాను వచ్చింది.

మేస్త్రి మూత గట్టిగా బిగించి, స్టార్టు చేసి, ట్రాలీతో తిరిగాడు. ముప్పై ఒకటో నిమిషంలో ఆగింది. కరెంటు ఇంకా రాలేదు. మూత తిప్పాడు. మళ్లీ ఉస్సుమని పీల్చుకుంది.

డీజిలు బయటికి పోతుంటే దాని జాగాలోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకు లోపల బిగుసుకుపోయి డీజిలుని వదలదు. నిండు సీసాని బోర్లిస్తే నీళ్లు గుటకగుటకగా పడటం పిల్లలు కూడా చూసేదే. ఆ గాలి కోసం మూతకి సన్నటి బెజ్జం ఉంటుంది. అది మూసుకుపోయింది. నాలుగు రోజులుగా ఇంజను ఆగిన ప్రతిసారీ తను చేసిన మొట్టమొదటి పని మూత తీయడం. అంటే ప్రతిసారీ జబ్బుని తన చేత్తోనే బయటికి పంపేసి, తర్వాత దాని కోసం వెతుకుతున్నాడు. పక్కన రంపం గీపెడుతుంటే ఆ చిన్న ఊపిరి ఎవరికి వినపడుతుంది? ముప్పై రెండేళ్ల అలవాటు, పేరు చూస్తే చెవి మేస్త్రి.

మూత తిరగేసి చూశాడు. బెజ్జం ఉండాల్సిన చోట బూడిదరంగు ముద్ద ఉంది. మైనంలాంటి రెండు ముద్దలు కలిపి పిసికి అతికిస్తే రాయిలా గట్టిపడే ముద్ద. దాని మీద బొటనవేలి అచ్చు ఉంది. అచ్చుకి అడ్డంగా ఒక సన్నటి గీత.

మేస్త్రి తన కుడిచేతి బొటనవేలు చూసుకున్నాడు. దాని మీద అడ్డంగా మచ్చ, చిన్నప్పుడు రేకు కోసుకున్నది.

పదకొండేళ్ల కిందటి వానాకాలం అప్పుడు గుర్తొచ్చింది. మూత బెజ్జంలోంచి వాననీళ్లు ట్యాంకులోకి దిగి, నాజిళ్లు పట్టేశాయి. మూడురోజులు కష్టపడి అంతా విప్పి కడిగాడు. చివరి సాయంత్రం ఆ బెజ్జాన్ని ముద్దతో మూసి, వేలితో అదిమి, "ఇక నీళ్లెలా దిగుతాయో చూద్దాం" అన్నాడు గొప్పగా. వాన పడని పక్క వైపు పొద్దున ఇంకో బెజ్జం పెడదామనుకున్నాడు. పొద్దున్నే అన్న వచ్చి, దుక్కి ఉందని ట్రాక్టరు వేసుకుపోయాడు. ఇంకెవరిదో బండి వచ్చింది. బెజ్జం సంగతి బుర్రలోంచి పోయింది, పదకొండేళ్లు.

మరి ఈ పదకొండేళ్లూ ఇది ఆగకుండా ఎలా నడిచింది?

మేస్త్రికి ఆ ప్రశ్నకి జవాబు దాదాపు వెంటనే తెలిసింది. తెలిసినా దాని వైపు చూడలేదు. మూత షెడ్డు లోపలికి తీసుకెళ్లి, సన్నటి డ్రిల్లు పెట్టి, ముద్దని గుచ్చి తీశాడు. ట్రాలీ తగిలించి గంట తిప్పాడు. ఆగలేదు. ఇంకో అరగంట తిప్పాడు. కరెంటు వచ్చి రంపం మళ్లీ గీపెట్టింది, ట్రాక్టరు ఆగలేదు. మిల్లు ఓనరు చెయ్యి ఊపాడు, మేస్త్రి చూడలేదు. ట్రాలీ విప్పి, ఇంజను ఆపకుండానే, నేరుగా వదిన ఇంటికి వెళ్లాడు.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. మలుపు దగ్గరే చప్పుడు గుర్తుపట్టి ఉంటుంది. అతను దిగి, ఇంజనుని అలాగే నడవనిచ్చి, మెట్టు మీద కూర్చున్నాడు.

"బాగైందా అబ్బాయ్?"

"బాగైంది. ఇంజను ఆపకు. రెండు గంటలు పూర్తిగా నడిచాక నమ్ముతా. ఇంకో పావుగంట ఉంది."

"ఏమైందట దానికి?"

మూతలో చెత్త అడ్డం పడిందని చెప్పేస్తే అయిపోయేది. వదినకి తేడా తెలిసేది కాదు. ఊళ్లో ఎవరికీ తెలిసేది కాదు.

"ట్యాంకు మూతకి గాలి బెజ్జం ఉంటుంది వదినా. అది మూసుకుపోయింది. మూసింది నేనే. పదకొండేళ్ల కిందట. మళ్లీ తెరవడం మర్చిపోయాను" అన్నాడు. తర్వాత జరిగింది కూడా చెప్పాడు, నీళ్లు దిగడం, ముద్ద పెట్టడం, బొటనవేలి అచ్చు. ఎవరో ఇంకొకళ్ల బండి గురించి చెప్పినట్టు చెప్పాడు.

వదిన లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో సత్తు గిన్నె ఉంది. దాన్ని తోమి, కిటికీలో పెట్టుకుని, అందులో అన్న కళ్లజోడు, దువ్వెన వేసుకుంది. అవి తీసి కొంగులో పెట్టుకుని, ఖాళీ గిన్నె అతని పక్కన పెట్టింది.

"ఇది కూడా దానికేనా?"

"దానికే అనుకుంటా. గాలి కోసం అన్న మూత వదులుగా ఉంచి ఉంటాడు. వదులుగా ఉంటే వాన దిగుతుంది. అందుకని బోర్లించాడు."

వదిన ఇంకో మెట్టు మీద కూర్చుంది. గిన్నె వైపు చూస్తూ అంది:

"నీ షెడ్డులో రిపేరు చేయించుకుని వచ్చేటప్పుడల్లా, ఆ వీధి మలుపు దగ్గర ఆపేవారు మీ అన్న. దిగి మూతని అరచుట్టు వదులు చేసి, మళ్లీ ఎక్కేవారు. ప్రతిసారీ. నేను బురదరేకు మీద కూర్చుని చూసేదాన్ని. ఒకసారి అడిగా, ఎందుకండీ అని. 'వాడు మూత గట్టిగా బిగించాడు' అన్నారు. మరి వాడికే చెప్పొచ్చుగా, మీ తమ్ముడేగా అన్నాను. నువ్వు మరీ బిగిస్తావు కాబోలు, అంతే అనుకున్నా. నాకేం తెలుసు? ఆయన పోయాక కడిగి నేనే బిగించిపెట్టా."

"ఏమన్నాడు?"

"ఎవరు?"

"నాకు చెప్పొచ్చుగా అంటే ఏమన్నాడు?"

వదిన అతని వైపు చూడలేదు. ట్రాక్టరు వైపు చూస్తూ చెప్పింది.

"'వాడి పనిలో తప్పుందని తెలిస్తే రెండ్రోజులు అన్నం తినడు. అరచుట్టుతో పోయేదానికి వాణ్ణి ఎందుకు ఏడిపించడం' అన్నారు."

మేస్త్రి గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. దాని అంచుకి అన్న చుట్టిన తీగ ముక్క ఇంకా ఉంది. ట్రాక్టరు దగ్గరికి వెళ్లి, మూత మీద బోర్లించి, తీగ కట్టబోయాడు. తను తవ్విన బెజ్జంలోకి మళ్లీ వాన దిగకూడదు, కాబట్టి గిన్నె ఇప్పుడూ కావాలి. అది పని. ముప్పై రెండేళ్లుగా ఎన్ని వేల తీగలు కట్టాడో. తీగ ఒకసారి జారింది, రెండోసారి జారింది, మూడోసారి గిన్నె చేతిలోంచి పడి నేల మీద దొర్లింది. అది తీయడానికి వంగిన మనిషి లేవలేదు. పెద్ద చక్రం పక్కన చతికిలపడి, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. సిగ్గులేకుండా, చప్పుడుతో, తొమ్మిదేళ్ల పిల్లాడిలా ఏడ్చాడు. పదిమంది ముందు గిన్నె అంటూ ఆటపట్టించిన మాటలన్నీ గుర్తొచ్చాయి. ప్రతి మాటకీ అన్న నవ్విన నవ్వు గుర్తొచ్చింది. రెండు నెలలుగా ఎక్కడ ఉందో తెలియని బాధ ఒక్కసారిగా వచ్చి ఒళ్లంతా నొప్పి పెట్టింది.

వదిన లేచి దగ్గరికి రాలేదు. ఓదార్చలేదు. అతను ఏడవడం వీధికి వినపడకుండా ఇంజను చప్పుడు చేస్తోంది కదా, అది చాలనుకుంది. కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుని తనూ మెట్టు మీదే కూర్చుంది.

చాలాసేపటికి అతను ముఖం తుడుచుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"రేపు ఇనుము ఆయనకి నువ్వే చెప్పు, రావద్దని" అంది వదిన.

"చెప్తా."

"మధ్యాహ్నం తిన్నావా?"

"లేదు. ఆకలేస్తోంది వదినా."

"పెడతా ఉండు" అంది కానీ లేవలేదు. ట్రాక్టరు గుమ్మం ముందు పొగ వదులుతూ, బానెట్ వణికిస్తూ నడుస్తోంది. పావుగంట అయింది. పావుగంట దాటి ఇంకో పావుగంట కూడా అయింది. ఇద్దరిలో ఎవరూ లేచి దాన్ని ఆపలేదు.